పిల్లికి గొంతు చిన్నది

ఈ నెల పిల్లుల గురించి రాస్తాను. "మనుషులకే దిక్కు లేదు, మళ్లీ పిల్లులకా?" అని నవ్వకండి. కడదాకా చదివి ఆ మాట అనండి.

స్పిన్నింగ్ మిల్లులో పని చేసినవాళ్లకు పిల్లి కొత్త కాదు. కాటన్ గోడౌన్లో బేళ్ల సందున ఎలుకలు చేరతాయి. వాటికోసం పిల్లులు వస్తాయి. మా షిఫ్టులో టిఫిన్ డబ్బా తెరిస్తే చాలు, కాళ్ల దగ్గర ఒకటి కూర్చొని ఉండేది. ఆ అలవాటుతోనే రిటైర్ అయినాక ఇంట్లో ఒక ఆడపిల్లిని పెట్టుకున్నాను. అది మూడు పిల్లలు పెట్టింది. ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. ఏం చేసేది? నాలుగింటినీ బుట్టలో పెట్టి, బస్సెక్కి, ఒక ఊరి సర్కారు షెల్టర్లో ఇచ్చి వచ్చినాను. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను.

మనవరాలు ఏడుస్తా ఉంటే పన్నెండో రోజు మళ్లీ పోయినాము. పిల్లుల బోను కుక్కల బోన్లకు ఎదురుగానే ఉంది. కుక్కలు మొరుగుతానే ఉన్నాయి. తల్లిపిల్లి మూలన గోడకు మొహం పెట్టుకొని కూర్చొని ఉంది. గిన్నెలో పాలు అట్లే విరిగిపోయినాయి. మూడు పిల్లల్లో ఒకటే మిగిలింది.

అక్కడ పని చేసే తమ్ముడు, "తినడం లేదు తాతా, నేనేం చేసేది?" అన్నాడు. వాని మీద నాకు కోపం రాలేదు. కడిగేది, మేత పెట్టేది, గేటు కాసేది అన్నీ వాడొక్కడే. మిల్లులో ఒక మనిషికి మోయలేనన్ని మిషన్లు ఇస్తే మనం ఊరుకున్నామా? ఇదీ అదే కథ. నా మీద మాత్రం కోపం వచ్చింది. చూడకుండా వదిలిపెట్టింది నేనే కదా.

మిగిలిన రెండింటినీ ఇంటికి తెచ్చుకొని, పశువుల డాక్టరమ్మకు చూపించినాను. ఆమె చెప్పినవి రాస్తాను.

పిల్లి భయపడితే అరవదు, దాక్కుంటుంది. దాక్కునే చోటు లేకపోతే తిండి మానేస్తుంది. రెండు మూడు రోజులు తినకపోతే దాని లివరు చెడుతుంది. ఆవుపాలు పడక పిల్లకూనలకు విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లులకు వచ్చే విరేచనాల అంటువ్యాధి ఒకటి ఉంది. అది గిన్నెలతో, గుడ్డలతో, మన చేతులతో కూడా పాకుతుంది. దానికి టీకా ఉంది. కొత్తగా వచ్చిన పిల్లిని రెండు వారాలు వేరుగా ఉంచితే మిగతావి బతుకుతాయి. ఇంకొక మాట: మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం. ఎవరూ పెట్టకండి.

చట్టం కూడా మన పక్కనే ఉంది. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం 1960లోనే వచ్చింది. ప్రతి జిల్లాకూ జంతువుల రక్షణ సంఘం ఒకటి పెట్టాలని, షెల్టర్ కట్టను స్థలం సర్కారే ఇవ్వాలని, అక్కడ ఫుల్‌టైము డాక్టరు ఉండాలని 2001లో రూల్సు వచ్చినాయి. అదే సంవత్సరం వచ్చిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రూల్సు పేరులో కుక్కలు మాత్రమే ఉన్నాయి. 2023లో కొత్త రూల్సు వచ్చినప్పుడు పేరులోనుంచి 'కుక్కలు' తీసేసి 'జంతువులు' అని పెట్టినారు. పేరు మారింది సరే, బోను కూడా మారాలి కదా. జనం పూనుకుంటే కాని పని కాదు ఇది. మద్రాసులో బ్లూ క్రాస్ 1959లో మొదలైంది కూడా కెప్టెన్ సుందరం కుటుంబంతోనే, సర్కారుతో కాదు.

మనం అడిగేది పెద్ద ఖర్చు కాదు. కుక్కల మొరుగు వినపడని వేరే గది. కొత్తగా వచ్చిన పిల్లులకు ఇంకొక బోను. ప్రతి పిల్లికీ దాక్కునే ఒక అట్టపెట్టె, ఇసుక పోసిన ఒక ట్రే. దారం కోన్లు వచ్చే పెట్టెలు మిల్లుల్లో ఎన్ని పారేస్తారో మనకు తెలియదా? అవి మనమే ఇస్తాము. టీకాలు, ఇంకొక మనిషి జీతం మాత్రం సర్కారు ఇవ్వాలి.

ధర్మపురి కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం జనం అర్జీలు తీసుకుంటారు. వచ్చే నెల మొదటి సోమవారం పోదాము. అర్జీ తమిళంలో నా మనవరాలు రాస్తుంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి. అర్జీ ఇచ్చినాక రసీదు తీసుకోకుండా కదలకూడదు. యూనియన్లో నేర్చుకున్న మొదటి పాఠం అదే.

మన తప్పూ ఉంది. పిల్లకూనల్ని సంచిలో కట్టి సంతలో వదిలేవాళ్లు మన లైన్లోనే ఉన్నారు. పెంచేవాళ్లు ఆడపిల్లికి ఆపరేషన్ చేయించండి. షెల్టర్లో ఇవ్వక తప్పదంటే, ముందు లోపలికి పోయి చూసి ఇవ్వండి. నేను చూడకుండా ఇచ్చినాను, రెండు పోయినాయి.

మిగిలిన కూన ఇప్పుడు నా మంచం కింద కోన్ పెట్టెలో పడుకుంటుంది. ఓనరుతో ఇంకా మాటలు జరుగుతున్నాయి. అర్జీ ఏమైందో వచ్చే నెల రాస్తాను.