ఒక ప్రతి, ఎన్ని చేతులు?

పుస్తకం పర్యావరణం మీద మోపే భారం దాదాపు అంతా అచ్చయ్యేలోపే పూర్తవుతుంది. సరుగుడు, సుబాబుల్ కర్రను గుజ్జుగా ఉడికించడానికి, ఆ గుజ్జును కాగితంగా ఆరబెట్టడానికి నీళ్లు, ఇంధనం, కరెంటు విపరీతంగా కావాలి. రాజమహేంద్రవరం మిల్లుకు రైతులు పొలాల్లో పెంచిన కర్ర చేరుతుంది కాబట్టి పుస్తకాల కోసం అడవులు నరుకుతున్నారన్న నింద ఇక్కడ అతికినట్టు సరిపోదు. నీళ్ల ఖర్చు, పొగ మాత్రం తప్పవు. అచ్చయ్యాక పగటి వెలుతురులో చదవడానికి ఖర్చయ్యేది ఏమీ లేదు. కనుక ఒకే ప్రతి ఎన్ని చేతులు మారితే తలసరి భారం అంత తగ్గుతుంది.

ఈ పద్ధతి తెలుగునాట పాతదే. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలయ్యాయి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. వీరెవరి ధ్యేయమూ పర్యావరణం కాదు, నలుగురూ చదవాలన్నదే. ఫలితం రెంటికీ ఒకటే. గ్రంథాలయ పుస్తకం అట్ట లోపల అంటించిన గడువు చీటీ చూస్తే చాలు: వంకర టింకరగా పడిన ఒక్కో తేదీ ముద్రా కొనకుండా తప్పిన ఒక్కో ప్రతి.

రెండో దారి పాత పుస్తకాలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాలు లేకపోతే వాటిలో చాలా భాగం తూకానికి పోయేవే.

ఈ-రీడర్ సంగతి కాస్త తిరకాసు. దాని ఇంక్ తెర పేజీ తిప్పినప్పుడే కరెంటు వాడుతుంది, నిజమే. భారమంతా తయారీలోనే ఉంది. ఏళ్ల తరబడి, పదుల పుస్తకాలు చదివేవారికే అది గిట్టుబాటు. ఏటా రెండు పుస్తకాలు చదివేవారు కొత్త పరికరం కొనడం పర్యావరణానికి మేలేమీ కాదు. చేతిలో ఉన్న ఫోనులోనే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోని పాత తెలుగు పుస్తకాలు చదవడం నయం.

వెయ్యి ప్రతులు అచ్చేసి సగం అటకెక్కించే అలవాటు అన్నింటికన్నా దండగ. అడిగినన్నే అచ్చేసే సౌకర్యం వచ్చాక దానికి సాకు లేదు.

గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కలిసే వసూలవుతుంది. పన్ను కట్టినవారు ఆ డబ్బు ఇప్పటికే ఇచ్చేశారు. ఇక సభ్యత్వం తీసుకుని పుస్తకం ఇంటికి తెచ్చుకోవడమే మిగిలింది.