హండియా-దారూ: మధ్యలోని ఆ గీత

జంషెడ్‌పూర్‌లో కాస్త ఖరీదైన వస్తువేదైనా కొనాలంటే జనం బిష్టుపూర్ బజారుకే వెళ్తారు. బ్యాంకులు, షోరూములు, నగల దుకాణాలు అన్నీ అక్కడే. టాటా కర్మాగారంలో పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారి ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కూడా అక్కడే. ఇలాంటి బజారులోని లైసెన్సు దుకాణంలో నాసిక్ వైట్ వైన్ సీసా కనబడటం ఇవాళ వింతేమీ కాదు. షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన ఆ వైన్ లేత పసుపు రంగులో ఉంటుంది. చల్లగా తాగితే పచ్చి యాపిల్ వాసన, కొద్దిగా తీపి, చివర సన్నని పులుపు తగులుతాయి. ఆల్కహాల్ 12 శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కడ తయారైంది, ఎప్పుడు నింపారు, ధరెంత అన్నవి సీసా మీదే ఉంటాయి. ఆరోగ్య హెచ్చరిక కూడా ఉంటుంది.

అదే ఊరి అంచుల్లోని బస్తీల్లో, వారపు సంతల్లో మరో తేలికపాటి తెల్లని పానీయం దొరుకుతుంది. దాని పేరు హండియా. అల్యూమినియం డేగిసా, పక్కన సాల ఆకులతో కుట్టిన దొన్నెలు, వెనకాల ఒక ఆదివాసీ మహిళ. ఆమె దుకాణం, వైనరీ, బ్రాండు అన్నీ అంతే. సాధారణంగా ఆ దొన్నెలోని మత్తు బిష్టుపూర్ సీసాలోని దానికంటే తక్కువ. కానీ ప్రభుత్వ పత్రాల్లో ఆ సీసా వైన్ పరిశ్రమ కిందికి, ఈ దొన్నె సామాజిక సమస్య కిందికి వస్తాయి. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో అడగాల్సిన సమయమిది.

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన పాత తరం వారికి హండియా రుచి చెప్పడం కష్టం కాదు. తరవాణి కుండలోని పులుపు, ఉదయపు కల్లులోని తీపి కలిస్తే దాదాపు అలాగే ఉంటుంది. పలచని మజ్జిగలా తెల్లగా, కొంచెం మసకగా కనిపిస్తుంది. మొదటి గుక్కలో ఉడికిన బియ్యం వాసన, తర్వాత నాలుక పక్కల పులుపు, ఆఖరున వేరు మందుల చిరుచేదు. ఆ చేదు ‘రాను’ నుంచి వస్తుంది. నూరిన బియ్యప్పిండిలో అడవి వేళ్లు, ఆకులు కలిపి ఎండబెట్టిన చిన్న ఉండలే రాను. అన్నం వండి, చాప మీద ఆరబోసి, చల్లారాక రాను పొడి చల్లి కలుపుతారు. దాన్ని కుండకెత్తి మూత పెడితే వేసవిలో రెండు మూడు రోజులకు, చలికాలంలో ఇంకొంచెం ఆలస్యంగా పులుస్తుంది. తర్వాత నీళ్లు కలిపి వడకడతారు. ద్రాక్షలో చక్కెర ముందే ఉంటుంది కాబట్టి ఈస్టు పని సులువు. బియ్యంలో ఉండేది పిండి పదార్థం. దాన్ని ముందు చక్కెరగా మార్చాలి, ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చాలి. రానులోని బూజు, ఈస్టు ఒకే కుండలో ఈ రెండు పనులూ చేస్తాయి. జపాన్‌లో ‘కోజి’ బూజుతో సాకే తయారయ్యే పద్ధతి మూలంలో ఇదే. సూక్ష్మజీవశాస్త్రం లెక్కన చూస్తే కోల్హాన్ గ్రామాల్లోని ఆడవాళ్లు చేసే పని నాసిక్‌లో జరిగేదానికంటే జటిలమైనది.

హో, ముండా, సంతాల్ సమాజాల్లో హండియా తాగుడు సరుకు మాత్రమే కాదు. సర్హుల్, సొహ్రాయ్, మాగే పండుగల్లో దేవుడికీ పితరులకూ ముందు ధారపోసేది దీన్నే. పుట్టుక, పెళ్లి, చావు, పంచాయితీ వేటికైనా హండియా ఉండాల్సిందే. వలస పాలకుల చట్టమే ఈ సంగతిని ఒప్పుకుంది. 1915 నాటి బిహార్-ఒరిస్సా ఎక్సైజు చట్టం దీనికి ‘పచ్వాయ్’ అనే వేరే పేరు పెట్టి నిర్వచించింది. ఆదివాసులు ఇంటి వాడకానికి చేసుకునే వెసులుబాటు అప్పటి నుంచి ఏదో ఒక రూపంలో కొనసాగుతూ వచ్చింది. అంటే ఇంట్లో చేసుకుంటే ఆచారం, సంతలో అమ్మితే నేరం. పొలం చాలక, మగవాళ్లకు పని దొరక్క, పిల్లల ఫీజుల కోసం డేగిసా నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కిన మహిళ ఈ రెండింటి మధ్య గీత దాటినట్టే.

ఆమె కోసం జార్ఖండ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో ‘ఫూలో ఝానో ఆశీర్వాద్’ పథకం తెచ్చింది. 1855 సంతాల్ హూల్‌లో పోరాడిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల పేరది. హండియా-దారూ అమ్మే మహిళలను గుర్తించి, స్వయం సహాయక సంఘాల్లో చేర్పించి, వేరే జీవనోపాధికి ఏడాది పాటు వడ్డీ లేకుండా 10,000 రూపాయల అప్పు ఇవ్వడం పథకం సారాంశం. ఆ డబ్బుతో కిరాణా కొట్టో, మేకలో, కూరగాయల బండో పెట్టుకుని రోడ్డు మీద నుంచి లేచిన మహిళలు ఉన్నారు. తాగినవాళ్ల మాటలు, పోలీసుల బెదిరింపులు పడలేక ఎలాగైనా బయటపడాలని చూసేవారికి ఇది మేలే. దీన్ని తక్కువ చేయనక్కర్లేదు.

చిక్కంతా ‘హండియా-దారూ’ అనే ఆ జంట పదంలో ఉంది. మధ్యలో చిన్న గీత పెట్టి రెండు వేర్వేరు వస్తువులను ఒకటి చేశారు. హండియా పులిసేది. దారూ బట్టీ పెట్టి కాచేది. ఇప్పపువ్వు సారా అయినా, బెల్లం సారా అయినా ఆవిరి పట్టి దింపిన సరుకులో మత్తు ఎన్నో రెట్లు ఎక్కువ. కాపు తేడా వస్తే ప్రాణాలు పోయేదీ దానితోనే. మద్యం పాలసీ రాసే ఏ దేశమైనా ముందు చూసేది ఈ తేడానే. వైన్, బీరు ఒక వరుస. విస్కీ, బ్రాందీ మరో వరుస. జార్ఖండ్‌లో మాత్రం పేదవాళ్ల పానీయాలు కాబట్టి రెండూ ఒకే గాటన పడ్డాయి.

తెలుగువాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన మహిళల ఉద్యమం సారా మీద. దాని ఒత్తిడికి 1993 అక్టోబరు 1న నిషేధమైనదీ సారానే. కల్లు దాని పరిధిలోకి రాలేదు. కల్లుగీత ఒక వృత్తిగా, సహకార సంఘాలుగా, పన్నుల లెక్కగా కొనసాగింది. ఆ మహిళల కోపం ఇంటిని కూల్చే ప్యాకెట్ సారా మీద, దాని వెనకున్న కాంట్రాక్టరు మీద. తాటిచెట్టు మీద కాదు. ప్రభుత్వమూ కనీసం ఆ మేరకు వేరు చేసి చూసింది.

అయితే కల్లు కథను ఆదర్శంగా చూపడానికి వీల్లేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టు నుంచి దిగే కల్లు చాలని చోట నీళ్లు, మత్తుమందు కలిపి అమ్మే అలవాటు తెలంగాణ పట్టణాలకు కొత్త కాదు. అల్ప్రజోలం పేరు ఊళ్లలోకి చేరిందే కల్లు ద్వారా. లైసెన్సు కాగితం ఉన్నంత మాత్రాన కుండలో ఏముందో చూసినట్టు కాదు. హండియాకూ ఇదే ప్రమాదం ఉంది. అడవి దూరమైన చోట రాను ఇంట్లో తయారు కాదు, బజారులో కొంటారు. ఆ ఉండల్లో ఏం కలిపారో అమ్మే మహిళకే తెలియదు. త్వరగా పులియడానికి, ఘాటు పెంచడానికి అక్కర్లేనివి కలిపే వాళ్లూ ఉన్నారు.

ఆదివాసీ సమాజం లోపలి నుంచే తాగుడుకు ఎదురు నిలిచినవారిని కూడా మరవకూడదు. బిర్సా ముండా తన అనుచరులను హండియా మానమన్నాడు. 1914లో జత్రా భగత్ మొదలుపెట్టిన తానా భగత్ ఉద్యమానిదీ అదే మాట. 1970లలో వడ్డీ వ్యాపారుల మీద పోరాడిన శిబూ సోరెన్ మద్యం మీదా యుద్ధం ప్రకటించాడు. వడ్డీ వ్యాపారి చేతికి భూమి పోయే దారిలో తాగుడు ఒక మెట్టని వీళ్లకు అనుభవంలో తెలుసు. కాబట్టి హండియాను సంస్కృతి అనే ఒక్క మాటతో సమర్థించేవారు సగం చరిత్రే చెబుతున్నారు. మిగతా సగంలో కొట్టే భర్తలూ ఉన్నారు, అప్పు పుస్తకాలూ ఉన్నాయి.

ఇప్పుడు బిష్టుపూర్ సీసా దగ్గరికి తిరిగి వద్దాం. మహారాష్ట్ర 2001లోనే వైన్ తయారీకి ప్రత్యేక విధానం తెచ్చి, ఎక్సైజు సుంకంలో ఉదారంగా మినహాయింపులిచ్చింది. నాసిక్ చుట్టూ వైనరీలు లేచాయి. టేస్టింగ్ రూములు, ద్రాక్షతోటల విహారాలు వచ్చాయి. ఆ ప్రాంతపు అతి పెద్ద కంపెనీ సులా 2022 డిసెంబరులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అదే ఏడాది జనవరిలో సూపర్ మార్కెట్లలోనూ వైన్ అమ్మవచ్చని ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. రైతులకు మేలన్నది సర్కారు వాదన. అన్నా హజారే వంటివారు అడ్డుపడటంతో అది ఆగింది. ఆ వాదన తప్పని కాదు. ద్రాక్ష రైతుకు వర్తించే తర్కం బియ్యం ఉడికించే మహిళకు ఎందుకు వర్తించదన్నదే ప్రశ్న. ద్రాక్షరసం పులిస్తే విలువ జోడింపు, అన్నం పులిస్తే పునరావాసం అవసరమైన దురలవాటు.

దేశంలోనే ఇతర దారులు తెరుచుకుంటున్నాయి. గోవా 2016లో ఫెనీని వారసత్వ పానీయంగా గుర్తించింది. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాకు అలాంటి హోదా ప్రకటించి, అలీరాజ్‌పూర్, డిండోరి ఆదివాసీ సంఘాల చేత సీసాల్లో నింపించింది. అస్సాంలో డిమాసా తెగవారి బియ్యపు పానీయం ‘జుడిమా’కు 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది హండియాకు దగ్గరి చుట్టం. విచిత్రమేమిటంటే హండియా కంటే ఎంతో ఘాటైన ఇప్పసారాకు మధ్యప్రదేశ్‌లో గౌరవం వచ్చింది, తేలికైన హండియాకు సొంత రాష్ట్రంలో రాలేదు.

హండియాకు సరిగ్గా సరిపోయే పోలిక జపాన్‌లో ఉంది. అక్కడి పల్లెల్లో రైతులు ఇంట్లో చేసుకునే మసక తెల్లని బియ్యపు పానీయం ‘దొబురొకు’. పన్ను ఆదాయం కోసం ప్రభుత్వం 1899లో ఇంటి తయారీని మొత్తంగా నిషేధించింది. శతాబ్దం గడిచాక, 2000ల తొలి ఏళ్లలో, కొన్ని ప్రాంతాలను ప్రత్యేక మండలాలుగా ప్రకటించి, తమ వరితో తమ విడిది ఇంట్లో దొబురొకు చేసి అతిథులకు పోసే రైతులకు లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. పెద్ద ఫ్యాక్టరీలకుండే కనీస ఉత్పత్తి షరతును వారికి సడలించింది. కుండ పెద్దది కానక్కర్లేదు, లెక్క మాత్రం ఉండాలి. కొరియాలోనూ మక్గొల్లి ఇలాంటి దారిలోనే నిషేధాల నుంచి బయటికొచ్చింది. దాని తయారీని 2021లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు.

చిన్న లైసెన్సు మాట ఇక్కడ ముఖ్యం. హండియా నిలవ ఉండదు. ఒకటి రెండు రోజుల్లో పులుపెక్కి పాడవుతుంది. వేడిచేసి సీసాలో నింపితే నిలుస్తుంది గానీ రుచి మారిపోతుంది. పైగా సీసా యంత్రం వచ్చిన చోటికి పెట్టుబడిదారుడూ వస్తాడు. అప్పుడు ‘ఆదివాసీ బ్రాండు’ పేరుతో బిష్టుపూర్ అరలో హండియా కనిపించవచ్చు, రానుతో మొదలుపెట్టి అన్నీ తెలిసిన మహిళ అందులో రోజుకూలీ అవుతుంది. కాబట్టి ఇప్పసారాకు మధ్యప్రదేశ్ పట్టిన దారి దీనికి పూర్తిగా పనికిరాదు. దీనికి కావాల్సినవి చిన్నవి. ఎవరు అమ్ముతున్నారో పేరు నమోదు, రాను ఉండల పరీక్ష, మత్తుకు ఒక పరిమితి, బట్టీ సరుకు పక్కన పెడితే అనుమతి రద్దు. దీనికోసం జిల్లాకో చిన్న ప్రయోగశాల చాలు.

ఎవరు అనుమతించాలన్నది అసలు రాజకీయం. తూర్పు సింగ్‌భూమ్ ఐదో షెడ్యూల్ జిల్లా. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే, అవసరమైతే నిషేధించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. 2000లో రాష్ట్రం ఏర్పడ్డాక కూడా రెండు దశాబ్దాలకు పైగా దాని అమలు నియమాలే తయారు కాలేదు. గ్రామసభ చేతికి ఆ అధికారం నిజంగా వస్తే కొన్ని ఊళ్లు హండియా అమ్మకాన్ని పూర్తిగా ఆపవచ్చు, కొన్ని పండుగలకే పరిమితం చేయవచ్చు, కొన్ని సంతలో ఒక వరుస కేటాయించవచ్చు. బిర్సా మాటను పాటించే ఊరికీ, డేగిసా మీద బతికే ఊరికీ ఒకే ఉత్తర్వు రాంచీ నుంచి రావాల్సిన పని ఉండదు.

పక్క రాష్ట్రం బిహార్ 2016లో సంపూర్ణ నిషేధం పెట్టింది. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారాకు పదుల సంఖ్యలో జనం బలైపోయారు. తేలికైనదీ ఘాటైనదీ కలిపి తుడిచేస్తే ముందుగా మాయమయ్యేది తేలికైనదే. కుండ, అన్నం, మూడు రోజుల వాసన దాచడం కష్టం. ప్యాకెట్‌ను జేబులో పెట్టుకోవచ్చు.

జార్ఖండ్ సర్కారు ఈమధ్య మద్యం గురించి తక్కువేమీ ఆలోచించలేదు. 2022లో చిల్లర అమ్మకాన్ని తన కార్పొరేషన్ కిందికి తెచ్చుకుంది. అది వివాదాల పాలయ్యాక 2025లో దుకాణాలను మళ్లీ ప్రైవేటు లైసెన్సుదారులకు అప్పగించింది. ఎన్ని దుకాణాలు, ఎంత ఆదాయం, ఎవరికి లాటరీలో వచ్చింది అన్న చర్చంతా సీసాల చుట్టూనే తిరిగింది. ఫూలో ఝానో పథకంలో అప్పు తీసుకున్న మహిళకు మాత్రం ఏడాది తిరిగేసరికి కిస్తీ కట్టే రోజు వస్తుంది. కిరాణా కొట్టు నడవకపోతే ఆమెకు తెలిసిన పని ఒకటుంది. దానికి కావాల్సిన బియ్యం ఇంట్లోనే ఉంది.