కాటా వాడిదే, పద్దూ వాడిదే

మా నాన్నగారు శెనక్కాయల మూటలు బండికెత్తించుకొని మండీకి పోయేటప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవారు. కాటా మండీవాడిది. తూకపురాళ్ళు వాడివి. తరుగు ఎంతో చెప్పేదీ, చీటీ వ్రాసేదీ వాడే. ఇంట్లో తూచుకొని పోయిన లెక్కకూ ఆ చీటీలోని లెక్కకూ ఏనాడూ పొత్తు కుదరలేదు. అడిగితే "నమ్మకముంటే ఉంచు, లేకుంటే మూటలు తీసుకుపో" అనేవాడు. అప్పు కాగితం కూడా అదే మండీ పెట్టెలో ఉన్న రైతు మూటలు తిరిగి ఎక్కడికి తీసుకుపోతాడు?

యాభై యేండ్లు దాటిన తరువాత ఆ కాటా నా గణకయంత్రంలో మళ్ళీ ప్రత్యక్షమైంది.

మిత్రులకు తెలిసిందే, ఇక్కడ నేను మెచ్చిన పుస్తకాల ప్రక్కన ఒక జాలపు అంగడి లంకెలు ఉంచేవాణ్ణి. ఎవరైనా ఆ లంకె నొక్కి కొంటే నాకు కొంత కమీషను. ఆ సంగతి లంకె ప్రక్కనే వ్రాసి ఉంచాను కూడా. దీనిని అఫిలియేట్ ప్రోగ్రాం అంటున్నారు. మనకు ‘తరగు’ అనే చక్కని మాట ఉంది, దళారికి ముట్టే రుసుము అని అర్థం. రకారానికి ఒక్క కొమ్ము తగిలిస్తే అది ‘తరుగు’ అవుతుంది. నా విషయంలో ఆ కొమ్ము తగిలించింది సాఫ్టువేరు.

గత సంవత్సరం ఏడుగురు చదువరులు నా లంకె ద్వారానే కొన్నామని జాబులు వ్రాసి, రశీదులు జతపరిచారు. నా ఖాతాలో చూపినవి మూడు. అంగడివారికి వ్రాస్తే "మా వ్యవస్థలో నమోదైనదే తుది లెక్క" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. తక్కిన నాలుగు పుస్తకాల తరగు ఒక పూట ఫలహారానికి చాలదు, ఒప్పుకుంటాను. కాని ఆ వాక్యం మా మండీవాడి వాక్యమే.

సాఫ్టువేరు చదివిన మా పాత విద్యార్థి ఒకడు "యంత్రానికి పక్షపాతం ఉండదు సార్" అన్నాడు. ఉండదు నాయనా. తూకపురాయికీ ఉండదు. ఆ రాయి ఎంత బరువుండాలో నిర్ణయించినవాడి సంగతి నేను అడుగుతున్నాను. లంకె నొక్కగానే చదువరి విహారిణిలో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. కొనేటప్పుడు ఆ గుర్తును చూసి పంపినవాడి పద్దులో వ్రాస్తారు. ఆ గుర్తు ఎంతకాలం చెల్లాలో అంగడివాడే నిర్ణయిస్తాడు. అమెజాన్ నియమం ప్రకారం ఇరవైనాలుగు గంటలు. ఈలోగా చదువరి మరొకరి లంకె నొక్కితే, చివరి నొక్కుడువాడిదే తరగు. కొన్ని విహారిణులు ఇటువంటి గుర్తులను తామే చెరిపివేస్తాయి. నా నాలుగు పుస్తకాలు వీటిలో ఏ గండిలో పడ్డాయో తెలిసే దారి నాకు లేదు. వారికి ఉంది. చూపరు. నా ఫిర్యాదంతా ఇదే.

ఇది పల్లెటూరి పంతులు అనుమానం అనుకునేవారికి హనీ కథ చెబుతాను. అది కొనుగోలుదారులకు తగ్గింపు కూపన్లు వెతికిపెట్టే ఉపకరణం. 2020లో పేపాల్ సంస్థ సుమారు నాలుగు వందల కోట్ల డాలర్లకు దానిని కొన్నది. డబ్బు చెల్లించే ఘడియలో ఆ ఉపకరణం, పంపినవాడి గుర్తును తొలగించి తన గుర్తును పెడుతోందని 2024 డిసెంబరులో ఒక యూట్యూబరు ఆరోపించాడు. అమెరికాలో దావాలు పడ్డాయి. చివరి నొక్కుడు నియమం పరిశ్రమలో ఉన్నదేనని పేపాల్ సమాధానం. నియమం ఉన్నమాట నిజమే కావచ్చు. కాని ఆ గుర్తు మారిందా లేదా అన్నది, చదువరులను పంపినవారికి తమ ఖాతా చూస్తే తెలిసేది కాదే!

పారదర్శకత అన్న మాటను ఈ కంపెనీలవారు తెగ వాడుతున్నారు. పారమంటే ఆవలిగట్టు. మా పెన్నలో నీళ్ళు లేక ఆవలిగట్టు ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది గనుక మాకు ఆ మాట అర్థం బాగా తెలుసు.

ఇంకొక సంగతీ మాకు తెలుసు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. కూలి లెక్క మస్టరులో ఉంటుంది. మస్టరు వ్రాసేవాడు చనిపోయినవారి పేరునా హాజరు వేయగలడు. అందుకే ఆ చట్టం పదిహేడవ సెక్షనులో సామాజిక తనిఖీ పెట్టారు. ఊరి నడుమ కూర్చుండబెట్టి పేరుపేరునా పనిదినాలూ కూలీ చదువుతారు. "నేను ఆ వారం పనికే పోలేదు" అని ఒక ముసలమ్మ లేచి చెబితే, ఎంత గొప్ప గణకయంత్రపు లెక్కయినా అక్కడ ఆగవలసిందే. ఆ తనిఖీలలో తేలిన సొమ్మంతా వసూలు కాలేదు, అది వేరే దుఃఖం. కాని లెక్క బయటపడింది.

తరువాత ఫోను యాప్‌లో ఫొటోలతో హాజరు వచ్చింది. 2023 జనవరి నుండి తప్పనిసరి చేశారు. కూలీల ఫొటోకు మళ్ళీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర శాఖే ఉత్తరువులో వ్రాసుకుంది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టానికి బదులు మరొకటి చేసింది. చట్టాలు మారవచ్చు. బిగ్గరగా చదివించడానికి బదులుగా యాప్ పెడితే సరిపోతుందన్న భ్రమ మాత్రం మండీలోనూ, మస్టరులోనూ, జాలంలోనూ ఒక్కటే.

మన లంకెల విషయంలో ఊరినడుమ సభ పెట్టమనడం లేదు. ఏ నొక్కుడు ఎప్పుడు నమోదైంది, ఏది ఏ కారణాన కొట్టివేయబడింది అన్న పద్దు, చదువరి పేరు దాచి, పంపినవాడికి చూపమంటున్నాను. డబ్బు ఇవ్వవలసినవాడు కాక మూడవవాడెవడైనా ఒకసారి సరిచూడాలంటున్నాను. ఒక కూలిమనిషికి ఇవ్వగలిగిన హక్కును జాలపు అంగడి ఇవ్వలేదా?

ఆ లంకెలన్నిటినీ నిన్న తీసివేశాను. పుస్తకాల పేర్లు, ప్రచురణకర్తల పేర్లు అట్లే ఉన్నాయి. నాలుగు రశీదుల ప్రతులను అంగడివారికి మరల పంపి, ఏది ఏ నియమం క్రింద లెక్కకు రాలేదో విడివిడిగా వ్రాయమని అడిగాను. జవాబు వస్తే వారి మాటల్లోనే ఇక్కడ ఉంచుతాను.