జమానతు కాగితం ఎవరిది?

పెళ్లిపీటల మీద ‘నాతిచరామి’ అన్న మాటకి అగ్ని సాక్షి. ఆ మాట తప్పినవాడి మీద అగ్ని కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పిన దాఖలా ఎక్కడా లేదు. అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో భార్యని అక్కడికి తీసుకుపోవాలంటే ఇంకో ప్రమాణం కూడా చెయ్యాలి. దాని పేరు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, ఫారం నంబరు ఐ-864. ఈమెని నేను పోషిస్తాను, ఈమె ప్రభుత్వానికి భారం కాకుండా చూస్తాను అని అందులో సంతకం పెడతాడు. ఈ మాట తప్పితే మాత్రం కేసు వెయ్యవచ్చు. ఆ హక్కు ప్రభుత్వానికే కాదు, ఆ భార్యకి కూడా ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి విమానం ఎక్కుతున్న మన ఆడపిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పి పంపుతున్నాం?

చెప్పడం లేదు. అల్లుడి జీతం ఎంతో చెబుతాం. ఇల్లు ఏ ఊళ్లోనో, ఎన్ని బెడ్‌రూములో చెబుతాం. ‘స్పాన్సర్ చేసిండు’ అని గర్వంగా చెబుతాం. ఆ స్పాన్సర్ అన్న మాట మన నోళ్లలో నాటకానికి చందా ఇచ్చిన షావుకారు పేరులా వినిపిస్తుంది. ఉపకారం చేసిన వాడాయన, పొందిన మనిషి ఈమె. ఉపకారం పొందినవాళ్లు రసీదు అడగరు కదా!

ఇది ఉపకారం కాదు, ఒప్పందం. మా పాలమూరు భాషలో దీనికి సరైన మాటే ఉంది: జమానతు. ఎవరో ఒకరికి పూచీ పడి సంతకం పెట్టడం. బ్యాంకు అప్పుకి జమానతు పడ్డవాడు అప్పు తీసుకున్నవాడు ఎగవేస్తే తను కట్టాలని తెలిసే సంతకం పెడతాడు. ఐ-864 కూడా అంతే. 1996లో అమెరికా కాంగ్రెసు చేసిన వలస చట్టం దీన్ని కట్టుబాటు గల ఒప్పందంగా మార్చింది. 1997 డిసెంబరు 19 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కూడా అఫిడవిట్లు ఉండేవి గానీ, అవి నైతిక హామీలే తప్ప చట్టబద్ధంగా కట్టుబడాల్సినవి కావని అక్కడి కోర్టులు అనేవి. 1996 తర్వాత ఆ మాట చెల్లదు.

లెక్క ఇదీ. సంతకం పెట్టేవాడి ఆదాయం అక్కడి ప్రభుత్వం ప్రకటించే పేదరికపు గీతకి 125 శాతం ఉండాలి. 2025లో ఇద్దరున్న కుటుంబానికి ఆ గీత ఏడాదికి 21,150 డాలర్లు, అంటే కనీసం 26,437 డాలర్ల పైచిలుకు చూపించాలి. చాలకపోతే ఆస్తులు చూపించవచ్చు. అదీ చాలకపోతే ఇంకొకరిని జాయింట్ స్పాన్సర్‌గా తెచ్చుకోవచ్చు. ఆ మిత్రుడో బావగారో కూడా అంతే బాధ్యుడవుతాడు. భార్య గ్రీన్‌కార్డుతో అడుగుపెట్టిన రోజు నుంచి ఈ బాధ్యత మొదలవుతుంది. ఆమె అమెరికా పౌరురాలైతేనో, నలభై క్వార్టర్ల పని, అంటే దాదాపు పదేళ్ల ఉద్యోగం, ఆమె ఖాతాలో పడితేనో, గ్రీన్‌కార్డు హోదా వదులుకుని దేశం విడిచిపోతేనో, ఇద్దరిలో ఎవరైనా చనిపోతేనో ముగుస్తుంది. ఈ జాబితాలో విడాకులు లేవు. మరోసారి చదవండి, విడాకులు లేవు. ఆ సంగతి ఫారంలోనే రాసి ఉంటుంది. స్పాన్సర్ ఇల్లు మారితే 30 రోజుల్లో కొత్త చిరునామా ప్రభుత్వానికి తెలపాలని కూడా ఉంది. ప్రభుత్వానికి అతని చిరునామా మీద అంత పట్టింపు!

ఇవి కాగితం మీది మాటలేనా? 2012లో లియు, మండ్ అనే మాజీ దంపతుల కేసులో భర్త ఒక వాదన తెచ్చాడు. ఆమె ఉద్యోగం వెతుక్కోవడం లేదు కాబట్టి నేనెందుకివ్వాలి అని. ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాదన కొట్టేసింది. ఉద్యోగం వెతుక్కోవాలన్న షరతు ఆ ఒప్పందంలో లేదంది. 2016లో ఎర్లర్ దంపతుల కేసులో భార్య టర్కీ నుంచి వచ్చిన స్త్రీ. విడిపోతే భరణం అడగనని పెళ్లికి ముందే రాసిచ్చింది. అయినా ఐ-864 బాధ్యత పోదని తొమ్మిదో సర్క్యూట్ తీర్పు చెప్పింది. పెళ్లికి ముందు ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా ఈ కాగితాన్ని అది చెరపలేదన్నమాట.

ఇంత బలమైన కాగితం మన పిల్ల చేతికి ఎందుకు రాదు? విచిత్రం ఏమిటంటే దాన్ని మోసుకెళ్లేది ఆమే. ఇవాళ కాగితాలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నారు నిజమే, కానీ ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రోజు ఫైలు ఛాతీకి అదుముకుని లైన్లో నిలబడేది ఆమే. ఆ ఫైలు సర్దింది మాత్రం భర్తో, మామగారో, హైదరాబాద్‌లో కన్సల్టెంటో. కేసు నంబరు, పాస్‌వర్డు వాళ్ల దగ్గరే. నాగర్‌కర్నూలు వైపు అమ్మాయి ఒకామె అక్కణ్ణించి నాకు ఫోన్ చేసింది. నాలుగేళ్ల కాపురం, ఏడాదిగా వేరుగా ఉంటోంది. “అక్కా, నన్ను సాదుతనని ఆయన సర్కారుకు రాసిచ్చిండంట గదా, అసుంటిది ఒకటుందని ఇక్కడ లాయరమ్మ చెప్తే ఎరుకైంది. ఆ ఫైలు నా చేతుల పట్టుకొనే బొంబాయి పోయిన. లోపల ఏముందో సూడలే” అంది. ఆ పిల్ల ఎమ్మెస్సీ చదివింది. చదువు లేక చూడకపోవడం కాదది. ‘ఏది అడిగితే అది తీసివ్వు, మిగతాది ముట్టకు’ అని చెప్పి పంపారు.

పాలమూరు వాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఈ జిల్లాలు మూడూ 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమే. ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసిన పాలమూరు కూలీల కథ అందరికీ తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది మగమనిషి చేతికి, పని తీసుకునేది ఇద్దరి రెక్కలతో. మేస్త్రీ పుస్తకంలో ఎంత రాశాడో ఆమెకి తెలియదు. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి చూడండి. పొద్దున్నే చేలోకి దిగి పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. కంపెనీ తరఫు ఆర్గనైజరుతో ఒప్పందం, ప్రామిసరీ నోటు మగవాళ్ల పేరు మీద. గద్వాల చీర నేసే ఇంట్లో కండెలు చుట్టేది ఆమె, మాస్టర్ వీవరు దగ్గర ఖాతా అతనిది. (ఇదే గద్వాల సంస్థానాన్ని ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఆదిలక్ష్మీ దేవమ్మ ఏలారు. రాణి సంతకం చెల్లిన ఊరు ఇది.) పని ఆమెదీ కాగితం అతనిదీ అన్న అలవాటుతో పెరిగిన మనం, కాగితం కూడా ఆమె కోసమే రాసినప్పుడు ఆ సంగతి గుర్తుపట్టలేకపోతున్నాం.

ఆస్తుల రూలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆదాయం చాలనప్పుడు చూపించే ఆస్తుల్లో వీసా కోరుతున్న భార్య ఆస్తిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. పౌరుడి భార్య అయితే తక్కువ పడ్డ మొత్తానికి మూడింతల విలువ చూపాలి. అంటే వనపర్తిలో తండ్రి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ప్లాటుకి చార్టర్డ్ ఇంజినీరు విలువ కట్టించి, దాన్ని తన భర్త తనని పోషించగలడనడానికి రుజువుగా ఆమే సమర్పించవచ్చన్నమాట! ఇది అందరి విషయంలో జరగదు, ఉద్యోగం ఉన్నవాడికి జీతమే సరిపోతుంది. కానీ రూలు ఉంది. పుట్టింటి సొమ్ముతో భర్త పోషకుడనిపించుకునే విద్య మనకి అమెరికా వాళ్లు నేర్పక్కర్లేదు.

ఇక్కడ మన మిత్రుల్లో కొందరి అభ్యంతరం ఒకటుంది. పోషించేవాడు భర్త, పోషింపబడేది భార్య అన్న భావననే మనం కాదంటున్నప్పుడు ఆ భావన మీద కట్టిన కాగితాన్ని మన హక్కుగా ఎలా ఎత్తుకుంటాం అని. అభ్యంతరంలో నిజం ఉంది. 1882 నాటి అమెరికా వలస చట్టమే తన్ను తాను పోషించుకోలేక ప్రజల మీద భారమయ్యే మనిషిని గుమ్మంలోనే ఆపమంది. 1996 చట్టం అదే భయానికి కొత్త చొక్కా. ప్రభుత్వం తన బాధ్యతని దులుపుకుని భర్త జేబులో పెట్టింది. పేదవాళ్లకి కుటుంబాన్ని తెచ్చుకునే హక్కు లేదంది. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసి 2012లో 18,600 పౌండ్ల ఆదాయం అడిగి, 2024లో దాన్ని 29,000కి పెంచింది. మగవాళ్ల కన్నా తక్కువ జీతం వచ్చే ఆడవాళ్లు అక్కడ భర్తని తెచ్చుకోవడమే కష్టం. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ వీసా రూల్ని మనం రాయలేదు. ఆ రూలు ఆమెని ఆధారపడిన మనిషిగా మొదటి రోజే ముద్ర వేసింది. ముద్ర పడటం ఎలాగూ పడింది, దానికి ఎదురుగా వచ్చిన ఒకే ఒక్క హామీని సిద్ధాంతం పేరుతో వదులుకోమని విడాకులైన ఆడదానికి చెప్పే హక్కు మనకెక్కడిది? ఇక్కడ భరణం కోసం కోర్టుల చుట్టూ తిరిగే స్త్రీలకి ఈ ప్రశ్న మనం ఎప్పుడూ వెయ్యలేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నెలకి 500 రూపాయల పరిమితి 2001 సవరణ దాకా ఉండేది. అది తీసెయ్యాలని పోరాడినప్పుడు భరణం అడగడం పితృస్వామ్యం అని ఎవరం అనలేదు. 2024 జూలై నుంచి ఆ సెక్షన్ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. ఇక్కడి ఆర్డరు పట్టుకుని అక్కడున్న మగవాడి దగ్గర డబ్బు రాబట్టడం ఎంత కష్టమో ఆ దారిన నడిచిన వాళ్లనడగండి. అలాంటప్పుడు అక్కడి కోర్టులోనే చెల్లే కాగితం ఉండటం చిన్న విషయం కాదు.

దీని హద్దులు కూడా దాచకుండా చెప్పాలి. హెచ్-1 ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లే అమ్మాయికి ఈ కాగితం ఉండదు. భర్త కంపెనీ ద్వారా గ్రీన్‌కార్డు వచ్చినప్పుడు భార్యకీ కలిసి వస్తే మామూలుగా అప్పుడూ ఉండదు. పెళ్లయ్యాక వీసా రాక అత్తింట్లో ఏళ్లకేళ్లు ఎదురు చూస్తున్న పిల్లకీ లేదు, ఎందుకంటే గ్రీన్‌కార్డు చేతికొస్తేనే హామీ మొదలు. దెబ్బలు తినే స్త్రీకి 1994 చట్టం కింద భర్త సంతకం అవసరం లేకుండా తనే దరఖాస్తు చేసుకునే దారి వేరే ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన హద్దు మరొకటి. గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచిపోతే హామీ ముగుస్తుందని చెప్పాను కదా. ‘అమ్మానాన్నల దగ్గర కొన్నాళ్లు ఉండిరా’ అని తీసుకొచ్చి దింపి, పాస్‌పోర్టు, కార్డు పట్టుకుని తిరిగిపోయిన భర్తల కథలు మనం ఎన్ని విన్నాం? అవి విన్నప్పుడల్లా ప్రేమ పోయిందని, మోసం చేశాడని బాధపడ్డాం. ఏడాది దాటితే ఆ కార్డుతో తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. తిరిగి వెళ్లలేకపోతే అతని సంతకం బరువు తీరిపోతుంది. అంటే భార్యని గద్వాలలో వదిలేయడం అతనికి డాలర్లలో కలిసొచ్చే పని. దీన్ని కుటుంబ కలహం అనే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి వెయ్యాలి.

పెళ్లి మాటల్లో పెట్టుపోతల జాబితా రాస్తాం. ఎన్ని తులాలో, బండి ఏదో, ఆడబిడ్డ లాంఛనం ఎంతో రాస్తాం. అబ్బాయి గ్రీన్‌కార్డువాడో పౌరుడో అయితే ఇంకో వరస చేర్చండి. సంతకం పెట్టిన ఐ-864, దానితోపాటు పెట్టిన పన్ను కాగితాలు, జాయింట్ స్పాన్సర్ ఉంటే అతని ఫారం, అన్నీ ఒక సెట్టు అమ్మాయి చేతికి. ‘మామీద నమ్మకం లేదా’ అంటారు. అమెరికా ప్రభుత్వానికి కూడా నమ్మకం లేకే రాయించుకుందని చెప్పండి. ఒక సెట్టు ఆమె ఈమెయిల్లో ఉండాలి. ఇంకొకటి జిరాక్స్ తీయించి తల్లి దగ్గర, భూమి పాసుపుస్తకం దాచిన పెట్టెలోనే దాచాలి. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు నకళ్లు కూడా అందులోనే.