యాడిదిరా ఈ రాయి?

ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి పదకొండున్నరకి మా పెదనాన్న కూతురు అరిజోనా నుంచి వీడియో కాల్ చేసింది. అక్క అక్కడ ఎంఎస్ చదువుతోంది. వాళ్ళకి అప్పుడు పొద్దున పదకొండు. "లెయ్యిరా, నీ రాళ్ళ తిరునాళ్ళకి వచ్చినా" అంది. అప్పటికి ఆర్నెల్ల నుంచి బతిమాలుతున్నా, ఒక్కసారి టూసాన్ వెళ్ళి నాకు చూపించమని. స్పెల్లింగ్‌లో మధ్యలో 'సి' ఉంటుంది, ఎవరూ పలకరు.

తెలియని వాళ్ళకి: టూసాన్‌లో ఏటా రత్నాలు, ఖనిజాలు, శిలాజాల ప్రదర్శన జరుగుతుంది. 1955లో ఒక స్కూల్లో చిన్నగా మొదలైంది. ఇప్పుడు జనవరి చివర్నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఊరు ఊరంతా రాళ్ళే. మోటెల్ గదుల్లో మంచాలు తీసేసి బల్లలు వేసి రాళ్ళు పరుస్తారు. పార్కింగ్ లాట్లలో టెంట్లు వేస్తారు. అసలు పెద్ద షో కన్వెన్షన్ సెంటర్లో జరుగుతుంది, చివరి నాలుగు రోజులు. మ్యూజియం వాళ్ళు, కోటీశ్వరులు, స్కూలు పిల్లలు, నాలాంటి పిచ్చోళ్ళు అందరూ వస్తారు. నేను మాత్రం హాస్టల్లో దుప్పటి కప్పుకుని వెళ్ళా. రెండు గంటల పదిహేను నిమిషాలు. భీమవరం రూమ్మేట్ దిండు చెవులకి అడ్డం పెట్టుకుని "ఒరే, రాళ్ళ కోసం కూడా ఏడుస్తార్రా" అని రెండుసార్లు లేచాడు.

చూసినవన్నీ రాస్తే ఈ సంచిక సరిపోదు. మనిషంత ఎత్తు అమెథిస్ట్ గుహలు, లోపలంతా ఊదారంగు స్ఫటికాలు. మడగాస్కర్ అమ్మోనైట్లు, జంతికని అడ్డంగా కోసి పాలిష్ పెట్టినట్టు. మొరాకో ట్రైలోబైట్లు. ఒకటి బాగా చవగ్గా ఉంటే అక్క కొనబోయింది, నేను దుప్పట్లోంచి అరిచి ఆపా. మొరాకో ట్రైలోబైట్లలో రెజిన్‌తో పోతపోసినవి కూడా తిరుగుతుంటాయి. ఆమాత్రం జ్ఞానం ఉంది మనకి, కొనడానికి డబ్బుల్లేకపోయినా.

కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనివి ఆ రాళ్ళు కాదు, వాటి పక్కన ఉన్న చీటీలు. మంచి అమ్మకందారు దగ్గర ప్రతి రాయి కింద విజిటింగ్ కార్డంత కాగితం ఉంటుంది. ఖనిజం పేరు, దొరికిన గని, ఊరు, జిల్లా, దేశం. కలెక్టర్ల లోకంలో చీటీ పోయిన రాయి సగం చచ్చినట్టే లెక్క. అందంగా ఉంటే అలంకారానికి కొంటారు, సేకరణలోకి మాత్రం తీసుకోరు. నా భాషలో చెప్పాలంటే మెటాడేటా లేని డేటా. ఒక బల్ల మీద తెల్లగా, లేత ఆకుపచ్చగా అపోఫిల్లైట్, స్టిల్‌బైట్ గుత్తులు ఉన్నాయి. అవి దక్కన్ లావా బుడగల్లో పెరిగే స్ఫటికాలు. చీటీలో జలగావ్, మహారాష్ట్ర అని ఉంది. ఆ తెల్లాయన "జల్‌గావ్" అని ఎంత బాగా పలికాడో! రైలు బోర్డు మీద తప్ప నేనెప్పుడూ చూడని ఊరి పేరు ఎడారి అవతల ఒక ముసలాయన నోట్లో నలుగుతోంది. నాకు నిజంగా కుళ్ళొచ్చింది.

మీరెక్కడివాళ్ళని అక్కని అడిగాడు. ఆంధ్ర అని చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఓ, గోల్కొండ!"

అక్క నవ్వేసి ముందుకెళ్ళింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయా. గోల్కొండలో వజ్రాల గని ఎప్పుడూ లేదు. అది బజారు, కోట. వజ్రాలు తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. 17వ శతాబ్దంలో టావర్నియే కొల్లూరు గనికి స్వయంగా వెళ్ళి, అక్కడ పనిచేసే జనాన్ని చూసి రాశాడు. అయినా వజ్రానికి అమ్మిన చోటి పేరు అతుక్కుంది, తవ్విన చోటి పేరు రాలిపోయింది. ఇప్పుడూ అంతే. మా వైపే చీమకుర్తి నుంచి నల్ల గ్రానైట్ ప్రపంచమంతా వెళ్తుంది, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల లోపల నక్షత్రాల్లా మెరుస్తూ. ఎయిర్‌పోర్టుల్లో, మాల్స్‌లో దాని మీదే నడుస్తాం. పేరేమో బ్లాక్ గెలాక్సీ. చీమకుర్తి అంటే ఎవరికి తెలుసు? రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటుంది. ముగ్గురాయి అంటే బెరైటీస్. ఎక్కడో చమురు బావి తవ్వేటప్పుడు ఆ పొడి కలిపిన బురద పోస్తారు. అక్కడితో ఊరి పేరు కూడా బురదలో కలిసినట్టే.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మనం రాయి పంపిస్తున్నాం, ఊరి పేరు పంపించట్లేదు. బయటివాడు రాయలేదని వాణ్ణి తిట్టే ముందు ఇంకో విషయం ఒప్పుకోవాలి. మనమూ రాసుకోలేదు. ముందు నేను రాసుకోలేదు.

మాది తర్లుపాడు. మార్కాపురం రోడ్ స్టేషన్ దాటాక కంభం వైపు వచ్చేది మా స్టేషనే. మీలో ఎవరైనా చిన్నప్పుడు రాతి పలక మీద అఆలు దిద్ది ఉంటే, అది మా వైపు నుంచి వచ్చి ఉండే అవకాశం చాలా ఎక్కువ. 'మార్కాపురం పలక' అంటారు, కానీ ఆ రాయి చుట్టుపక్కల చాలా ఊళ్ళ కింద ఉంది. మా తాత పలకల గనిలో రాయి చీల్చేవాడు. ఉలి పెట్టి, సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు, అంతే. పుస్తకం తెరిచినట్టు రాయి విడిపోయేది. అదెలాగో నేను ఇంగ్లిష్ పాఠంలో చదివా. ఒకప్పటి సముద్రం అడుగు బురద రాయిగా మారి, భూమి ఒత్తిడికి అందులోని సన్నని రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి, ఆ దిక్కున రాయి చీలుతుంది. బురద పరిచిన పొర ఒకవైపు, చీలే పొర ఇంకోవైపు కూడా ఉండొచ్చు. ఆ తేడా తాతకి వేలి గోటితో కొట్టి వింటే తెలిసేది. 'క్లీవేజ్' అన్న మాట నాకొచ్చు, చెవి రాలేదు.

నాకు ఎనిమిదో ఏట నుంచి తాత రాళ్ళు తెచ్చిచ్చేవాడు. ఇత్తడి రంగు ఘనాలు పొదిగిన ముక్క. అది పైరైట్, ఊళ్ళో పిల్లలందరం బంగారం అనుకున్నాం. ఊదా పలక, బూడిద పలక, ఆకుపచ్చ చాయ పలక. ఒకదాని మీద నల్లటి ఫెర్న్ ఆకు లాంటి ముద్ర ఉంది. శిలాజం దొరికిందని స్కూల్లో అందరికీ చూపించా, సైన్స్ సార్ కూడా అవునన్నారు. తాత ఒక్కడే "ఆకు కాదురా అబ్బాయా, నీళ్ళు పాకిన మరక" అన్నాడు. నేను నమ్మలా. టూసాన్‌లో అక్క కెమెరా ముందు అచ్చం అలాంటి ముద్ర కనిపించింది, జర్మనీలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి పలక మీద. చీటీలో డెండ్రైట్ అని రాసుంది. రాతి పగుళ్ళలోకి పాకిన నీళ్ళు వదిలిన మాంగనీసు మరక. అసలు మా రాయిలో ఆకు ఉండే దారే లేదు. గిద్దలూరు దాటాక చెలిమ దగ్గర ఈ నల్లమల రాళ్ళని చీల్చుకుని ఒక అగ్నిశిల పైకొచ్చింది. దాని వయసే 130 కోట్ల ఏళ్ళ పైమాట. మా పలక దానికన్నా పాతది. నేల మీద మొక్కలు మొలిచింది దాదాపు 47 కోట్ల ఏళ్ళ కిందట మాత్రమే. స్కూలు మెట్లెక్కని తాత కరెక్టు, నేనూ సారూ తప్పు.

తాతకి ఆ మాట చెప్పే వీల్లేదు. నా ఇంటర్ రెండో ఏడాదిలో పోయాడు. ముందు టీబీ అన్నారు, చాన్నాళ్ళు ఆ మందులే మింగాడు. తర్వాత ఇంకో డాక్టరు ఎక్స్‌రే చూసి దుమ్ము అన్నాడు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు, నయమయ్యే మందు లేదు. దానికి సిలికోసిస్ అని ఒక పేరుంది. మా వీధిలో మాత్రం "రాళ్ళ దగ్గు" అనేవాళ్ళు.

మంచం కింద రేకు పెట్టెలో పద్నాలుగు రాళ్ళు మిగిలాయి. ఏది ఏ గుంతలోదో తాత ఇచ్చేటప్పుడు చెప్పేవాడు. ఒక్కో గుంతకీ పేరుండేది, చెట్టు పేరో మనిషి పేరో. నేను "ఊఁ" అనేవాణ్ణి. పెట్టె తెరిచినప్పుడల్లా "యాడిదిరా ఈ రాయి, చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టేవాడు. నేను గెస్ కొట్టేవాణ్ణి. రాసుకోవాలని ఒక్కసారీ తట్టలేదు. ఇంగ్లిష్ మీడియం కదా, 'స్లేట్: మెటమార్ఫిక్ రాక్' అని చార్ట్ మీద రాసి ఏ గ్రేడ్ తెచ్చుకున్నా. ఆ చార్ట్‌లో ఊరు లేదు, గుంత లేదు, తాత లేడు.

ఇదంతా సెంటిమెంట్ అని మా సీనియర్ ఒకరన్నారు. రాళ్ళ హాబీ డబ్బున్నోళ్ళకి, మనోళ్ళకి రాయంటే కూలి, లేదంటే వేలికి ఉంగరం అన్నారు. సగం నిజమే. మన దగ్గర రత్నాల ఎగ్జిబిషన్ అంటే ముందు రాశి అడుగుతారు. కానీ రాయి కొట్టేవాడికి దాన్ని చూసి ఆనందించే తీరిక ఉండదనే మాట నేనొప్పుకోను. ఫ్యాక్టరీకి పనికిరాని పైరైట్ ముక్కని తాత పదేళ్ళ పాటు ఎందుకు మోసుకొచ్చినట్టు? టూసాన్ బల్ల మీద ఉంటే దాన్ని 'కలెక్టింగ్' అంటారు.

పైగా ఊరి పేరు రాయి మీద నిలవడం మనకి కొత్త కాదు. ఏడో తరగతిలో హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళారు. అక్కడ నిలబెట్టిన డైనోసార్ పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికింది కాబట్టి ఆ పేరు. ఇక ప్రపంచంలో ఎవరు ఆ జంతువు గురించి రాసినా యామనపల్లి అని రాయక తప్పదు. మా కంభం కూడా అలాగే. 1872లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళ మీద రాసిన గ్రంథం దగ్గర్నుంచి ఈ పొరల పేరు కంభం పలకరాళ్ళే. అంటే జియాలజిస్టులు తమ పని చేశారు. వ్యాపారం చేయలేదు, మనం చేయలేదు.

అందుకే ఒక ప్రతిపాదన. ఈసారి ఫెస్ట్‌లో మన క్లబ్‌కి ఇచ్చే స్టాల్లో కొటేషన్ల బ్యానర్లు వద్దు. అవి ఎవరూ చదవరు, నిజం ఒప్పుకుందాం. ఒక్క బల్ల వేద్దాం. ఊరెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక్క రాయి తేవాలి. పిడికిలి సైజు చాలు. టైగర్ రిజర్వ్ అడవిలోంచి, గుడి నుంచి, పాత కట్టడం నుంచి పీకి తేవద్దు, అది నేరం కూడా. బేతంచర్ల వాళ్ళకి ఇంటి ముందే నాపరాయి ఉంటుంది, ఒంగోలు వాళ్ళు చీమకుర్తి చెత్తముక్క తేవచ్చు. గోదావరి జిల్లాల వాళ్ళు మాకు ఒండ్రుమట్టే ఉందని తప్పించుకుంటే మట్టే తెండి, అదీ ఒకనాడు రాయే. కానీ రాయిని ఆ ఊళ్ళో ఏమంటారో అక్కడి పెద్దవాళ్ళని అడిగి రాసుకుని రావాలి. గూగుల్ చేసింది చెల్లదు. ఇది తెలుగు సాహిత్య క్లబ్ పనేనా అంటే, నాకు తెలిసి ఇంతకన్నా తెలుగు పని లేదు. ఆ మాటలు ఏ నిఘంటువులో ఉన్నాయో చూపించండి.

నేను మొదలుపెట్టా. పోయిన నెల ఊరెళ్ళి పెట్టె బయటికి తీసి వసారాలో రాళ్ళన్నీ పరిచా. అవ్వ ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. ఎక్కడివో చెప్పలేదు గానీ, ఎప్పుడు తెచ్చాడో చెప్పింది. "ఇది మీ నాయన పెళ్ళి అయిన ఏడు." తర్వాత తాతతో పనిచేసిన పక్కవీధి పెద్దాయన్ని పిలుచుకొచ్చా. ఆయనకి చూపు తగ్గింది. రాయిని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. మూడింటికి గట్టిగా చెప్పాడు: రెండు మర్రిచెట్టు గుంతవి, ఒకటి రైలుకట్ట అవతలిది. నాలుగోదాని దగ్గర చాలాసేపు ఆగి "తెలవదు నాయనా" అని కింద పెట్టాడు. మూడు చీటీలు రాశా. ఖనిజం, గుంత, ఊరు, తీసినవారు. పదకొండు చీటీల మీద ఊరి పేరు, తాత పేరు రాసి, గుంత దగ్గర ఖాళీ వదిలేశా.

స్టాల్ గురించి చివరి మాట. చీటీలు ప్రింట్ తీయొద్దు. రాతి పలకల మీద బలపంతో రాద్దాం. రాయి కొంచెం తప్పుగా చెప్పామని ఎవరైనా పెద్దాయన అంటే అక్కడికక్కడే తుడిచి దిద్దుకోవచ్చు. పలకలు నేను తెస్తా, ఎన్ని కావాలో గ్రూప్‌లో చెప్పండి.