ఒడంబడికను ముందుగా పొడిగింపదగునా?

మన భాషలో రెండు లోకోక్తులు కలవు. నిదానమే ప్రధానమని యొకటి. ఆలస్యమైనచో అమృతము సైతము విషమగునని మఱియొకటి. రెండును సత్యములే. కాని ఒకే కార్యమున ఈ రెండును ఎదురెదురుగ నిలిచినపుడు మనుష్యుడు దేనిని అనుసరింపవలెను? అమెరికా దేశపు క్రీడారంగమున ఈ ప్రశ్నకు ఏటేట కోట్లకొలది డాలర్లతో సమాధానము చెప్పుచున్నారు. ఆ సమాధానములలో కొన్ని ఫలించినవి, కొన్ని బెడిసినవి. వానిని పరిశీలించినయెడల, ఆటలయందు ఆసక్తి లేనివారికిని పనికివచ్చు నీతి యొకటి లభించునని నా నమ్మకము.

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మన పాఠశాల మైదానమున ఆడు కాలిబంతి కాదు. అందు బంతి కోలగా నుండును. దానిని చేత పట్టుకొని పరుగెత్తుదురు, దూరముగా విసరుదురు. పక్షమునకు పదునొకండుగురు ఆడుదురు. వారిలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు సేనాపతి వంటివాడు. ఎదిరిపక్షమువారు తనపైకి దూకుచుండగా, రెండు మూడు సెకనులలో, బంతిని ఎవనికి అందింపవలెనో అతడు నిశ్చయింపవలెను. అతడు పొరపడినచో తక్కినవారి శ్రమ వ్యర్థమగును. కావుననే జట్టులో సాధారణముగా అందఱికంటె హెచ్చు వేతనము అతనిదే.

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను సంఘమున 32 జట్లు కలవు. యజమానులకును ఆటగాండ్ర సంఘమునకును 2011లో కుదిరిన ఒప్పందము ననుసరించి, కళాశాలలనుండి ఎన్నుకొనబడి వచ్చిన యువకునకు మొదట నాలుగేండ్ల ఒడంబడిక వ్రాయుదురు. ఎన్నికలో అతని వరుసను బట్టియే వేతన ముండును. మొదటి విడతలో ఎన్నుకొనబడినవాని విషయమున ఐదవ యేటిని చేర్చుకొను హక్కు జట్టునకు కలదు. మూడు సంవత్సరముల ఆటలు ముగియువఱకు ఈ ఒడంబడికను మార్పరాదు. ముగిసిన పిదప, పాత గడువు ఇంకను మిగిలియుండగనే, క్రొత్త ఒడంబడిక వ్రాసికొనవచ్చును. చిక్కు ఇచ్చటనే కలదు. అప్పుడే వ్రాయవలెనా? గడువు తీఱువఱకు వేచియుండవలెనా? జట్టు తన ఆటగాండ్రందఱిపై వెచ్చింపదగిన సొమ్మునకు ఒక హద్దు కలదు. 2024లో అది 25 కోట్ల 54 లక్షల డాలర్లు. కాబట్టి ఒకనికి పెట్టిన అధిక వ్యయము పదిమందికి తగ్గింపుగా పరిణమించును.

ముందుగా వ్రాయవలెననువారి వాదము బలహీనమైనది కాదు. వేతనముల హద్దు చాలవఱకు ఏటేట పెరుగుచుండును. ఒక్కొక్క క్వార్టర్‌బ్యాక్ ఒడంబడికయు రాబోవువాని ధరను పెంచును. డల్లాస్ జట్టువాడైన డాక్ ప్రెస్కాట్ కథ దీనికి తార్కాణము. 2016లో నాలుగవ విడతలో ఎన్నుకొనబడి, ఆ యేడే తన జట్టునకు 13 విజయములు సంపాదించినాడు. 2019లో క్రొత్త ఒడంబడిక కొఱకు సంభాషణలు జరిగినను పొసగలేదు. 2020లో జట్టు అతనిని ఒక్క సంవత్సరమునకు 3 కోట్ల 14 లక్షల డాలర్లిచ్చి నిలుపుకొన్నది. ఆ అక్టోబరులో అతని చీలమండ విఱిగినది. అయినను 2021 మార్చిలో నాలుగేండ్లకు 16 కోట్ల డాలర్లు, అనగా ఏటికి 4 కోట్లు, ఇచ్చుటకు జట్టు సమ్మతించినది. 2019లో వ్రాసిన ఇటువంటి ఒడంబడికలు ఏటికి సుమారు 3 కోట్ల 30 లక్షలు మాత్రమే. వేచియున్నందున డల్లాసువారికి మిగిలినది లేదు.

అయితే ఆ 2019లో ముందుగా వ్రాసినవారి గతి యేమైనది? ఫిలడెల్ఫియా జట్టు కార్సన్ వెంట్జునకు జూన్ నెలలో నాలుగేండ్లను చేర్చి 12 కోట్ల 80 లక్షలు వ్రాసినది. లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు జారెడ్ గాఫునకు సెప్టెంబరులో నాలుగేండ్లను చేర్చి 13 కోట్ల 40 లక్షలు వ్రాసినది. ఇరువురును 2016 ఎన్నికలో మొదటి రెండు స్థానములవారు. ఇరువురికిని పాత గడువు 2020 వఱకు ఉండెను. చేర్చిన యేండ్లు 2021తో మొదలగునవి. చదువరులు గమనింపదగిన విషయమిది: చేర్చిన ఆ యేండ్లలో ఒక్క ఆటయైనను ఇరువురిలో ఎవరును తమ తమ జట్లకు ఆడలేదు!

వెంట్జ్ 2017లో మహోజ్జ్వలముగా ఆడినాడు. కాని ఆ డిసెంబరులో మోకాలు దెబ్బతినగా, 2018 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అను మహాపోటీని గెలిచినవాడు అతని స్థానమున నిలిచిన నిక్ ఫోల్స్. మఱుసటి యేడును గాయమే. ఒడంబడిక వ్రాయునాటికి వెంట్జ్ విజేత నిర్ణయమునకు జరుగు తుదిపోటీలలో ఒక్కదానియందును ఆడియుండలేదు. 2020లో ఆట క్షీణించినది. డిసెంబరులో అతనిని ప్రక్కన కూర్చుండబెట్టిరి. 2021లో ఇండియానాపోలిస్ జట్టునకు పంపిరి. వేఱొక జట్టులో ఆడుచున్నవాని పేర ఆ యేడు ఫిలడెల్ఫియా లెక్కలలో 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా వ్యయము నిలిచినది.

గాఫ్ కథ ఇంకను విచారింపదగినది. తొలి యేడు అతడు ఆరంభించిన ఏడు ఆటలును ఓడినవి. 2017లో షాన్ మెక్‌వే అను క్రొత్త శిక్షకుడు రాగా జట్టు వికసించినది. 2019 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ చేరి ఓడినది. ఆ వైభవమును చూచి ఒడంబడిక వ్రాసిరి. ఒకటిన్నర సంవత్సరమైన గడువకముందే అతనిని డిట్రాయిట్ జట్టునకు ఇచ్చివేసి, మాథ్యూ స్టాఫర్డును తెచ్చుకొనిరి. ఆ మార్పిడికై ముందు రాబోవు మొదటి విడత ఎన్నికలు రెంటిని వదలుకొనిరి. 2022లో స్టాఫర్డుతో సూపర్ బౌల్ గెలిచిరి గదా యని అనవచ్చును. గెలిచిరి. అయినను తాము వ్రాసిన మాటనుండి తప్పించుకొనుటకు అంత వెల పెట్టవలసి వచ్చుటయే ఆ మాట తొందరపాటని తెలుపుచున్నది.

మఱి డిట్రాయిటువారు ఏమి చేసిరి? 2021లో ఆ జట్టు మూడే ఆటలు గెలిచినది. 2022లో మొదటి ఏడింట ఆఱు ఓడినది. ఆ ఓటములలో గాఫ్ నిందింపక, అలుగక, తన పనిని తాను చేయుట వారు కన్నులార చూచిరి. క్రమముగా జట్టు లేచినది. 2024 జనవరిలో 32 ఏండ్ల తరువాత తుదిపోటీలలో డిట్రాయిట్ ఒక ఆట గెలిచినది. ఓడిన జట్టు అతనిని వదలుకొన్న రామ్స్ జట్టే! ఆ మే నెలలో, పాత గడువు ఇంకను తీఱకముందే, డిట్రాయిటువారు అతనికి నాలుగేండ్లకు 21 కోట్ల 20 లక్షలు వ్రాసిరి. అదియు ముందుగా వ్రాసినదే. అయితే ఒకరు వైభవమును చూచి వ్రాసిరి; ఒకరు మనుష్యుని చూచి వ్రాసిరి.

కాన్సాస్ సిటీవారి విషయమును ఇట్టిదే. పాట్రిక్ మహోమ్స్ తన మొదటి యేడు ఒక్క ఆట తప్ప అన్నిటను ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్నాడు. 2019 జనవరిలో సూపర్ బౌలునకు ఒక్క మెట్టు దూరమున ఓడినాడు. 2020 జనవరిలో హ్యూస్టన్ జట్టు 24 పాయింట్లు గడించువఱకు అతని జట్టునకు ఒక్కటియు లేదు. ఆ ఆటను 51–31తో గెలిచినాడు. ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌలునందును కడపటి భాగమున 10 పాయింట్లు వెనుకబడి, 31–20తో గెలిచినాడు. అటుపిమ్మట ఆ జూలైలో పదేండ్లను చేర్చి 45 కోట్ల డాలర్లు వ్రాసిరి. గెలిచినందున మాత్రమే కాదు, ఓటమి అంచున అతని చేయి వణకదని ఎఱిగినందున వ్రాసిరని నేను తలచెదను. 2023లోను, 2024లోను ఆ జట్టు మరల సూపర్ బౌల్ గెలిచినది.

దీనికి విరుద్ధమైన చిత్రము 2022లో అరిజోనాలో కనబడినది. ఆ జట్టు కైలర్ మరే అను క్వార్టర్‌బ్యాకునకు 23 కోట్ల 5 లక్షల డాలర్ల ఒడంబడిక వ్రాయుచు, అతడు వారమునకు నాలుగు గంటలు స్వయముగా ఆటను అభ్యసింపవలెనని ఒక షరతు చేర్చినది! లోకము నవ్వగా కొలది దినములలోనే దానిని తీసివేసిరి. విద్యార్థులు నవ్వుకొనవచ్చును, కాని ఒక్కమాట. చదువునని నమ్మకము లేనివానికి అంత సొమ్ము ఏల వ్రాయవలెను? నమ్మకమున్నచో షరతు ఏల? అపనమ్మకమును కాగితము తీర్పజాలదు.

ఫలితము తెలిసిన పిమ్మట తీర్పు చెప్పుట సులభమని నాపై ఆక్షేపణ రావచ్చును. నిజమే. గాయములను ఎవ్వరును ముందుగా కనుగొనజాలరు. ఆటగాని పక్షమునను న్యాయము కలదు: అతని ఆయుధము అతని దేహమే; అది ఒక్క దినమున విఱుగవచ్చును; కాబట్టి ముందుగా భద్రత కోరుట దురాశ కాదు. నేను చెప్పునది భవిష్యత్తును కనుగొనుడని కాదు. గోపుర నిర్మాణమునకు పూనుకొనువాడు ముందుగా ఖర్చును లెక్క చూచుకొనవలెనను ప్రభువు ఉపమానము మనకు తెలిసినదే. ఇచ్చట లెక్క చూడవలసినది సొమ్మును మాత్రము కాదు. ఎవని పేర వ్రాయుచున్నామో ఆ మనుష్యుని. అతని విజయములలో శిక్షకునిది ఎంత, తోడివారిది ఎంత, అతనిది ఎంత? ఓడిన మఱునాడు అతడెట్లు మైదానమునకు వచ్చినాడు? ఇవి చూడకమునుపు వ్రాయుట తొందరపాటు. చూచిన పిమ్మటను బేరము సాగదీయుట లోభము. చూడక వ్రాసినవారు ఒకనాడు పొగడిన నోటితోనే మఱునాడు త్రోసివేయుదురు.

కాబట్టి ఆ రెండు లోకోక్తులకును విరోధము లేదు. మనుష్యుని ఎఱుగుటలో నిదానము ప్రధానము; ఎఱిగిన పిమ్మట ఆలస్యము విషము.

తలిదండ్రులారా, ఒక్క పరీక్షలో ప్రథముడైన బాలుని ఆకాశమునకెత్తి, మఱుసటి పరీక్షలో తప్పగానే క్రిందికి త్రోయకుడు. విద్యార్థులారా, మీ యోగ్యతను లోకము మీ గెలుపు దినములలో లెక్కించునని భ్రమింపకుడు. ఏడు ఆటలలో ఆఱు ఓడిన జట్టులోను నిలువగలిగినవానిని ఎవరో యొకరు గమనించుచునే యుందురు.