హార్డ్ డిస్కులు: తగ్గిన అమ్మకం, తగ్గని ధర

కంప్యూటరు విడిభాగాల వర్తకంలో చిరకాలంగా ఒక నమ్మకం వున్నది. హార్డ్ డిస్కు ఈ రోజు కొనకపోయినా నష్టం లేదు, వచ్చే నెల మరింత చౌకగా దొరుకుతుందన్నదే ఆ నమ్మకం. చాలా ఏళ్ళపాటు అది నిజమే అయింది. 1980లో సీగేట్ కంపెనీ తెచ్చిన 5 మెగాబైట్ల డిస్కు వెల 1,500 డాలర్లు. అంటే మెగాబైటుకు 300 డాలర్లు. 2011 నాటికి గిగాబైటు వెల 5 సెంట్ల దరిదాపుకు దిగింది. ఇలా దిగే ధరలకు అలవాటు పడిన వర్తకులు కొందరు ఇప్పుడు మరొక లెక్క కూడా వేసుకుంటున్నారు. గిరాకి పడిపోతున్న సరుకు కనుక ధర ఇంకా వేగంగా పడాలన్నది ఆ లెక్క. ఈ లెక్క తప్పినదని గ్రహించడం మంచిది.

గిరాకి పడిపోయిన మాట వాస్తవమే. 2010లో ప్రపంచమంతటా సుమారు 65 కోట్ల హార్డ్ డిస్కులు అమ్ముడుపోయినవి. 2023లో ఆ సంఖ్య 12 కోట్ల దరిదాపుకు దిగింది. ప్రతి అయిదు డిస్కులలో నాలుగింటికి గిరాకి లేకుండా పోయిందన్న మాట. లాప్‌టాప్‌లలోకి, ఆఫీసు కంప్యూటర్లలోకి ఎస్.ఎస్.డి. ప్రవేశించడమే ఇందుకు ముఖ్య కారణమని వేరే చెప్పనవసరం లేదు. మరే సరుకుకైనా ఇంత దెబ్బ తగిలితే నిల్వదారులు అయినకాడికి తెగనమ్ముకోవలసి వచ్చేది. హార్డ్ డిస్కు విషయంలో అలా జరగలేదు. చిన్న డిస్కుల ధర ఏళ్ళ తరబడి కదలక మెదలక వున్నది. పెద్ద డిస్కుల ధర 2025లో పైముఖం పట్టింది. ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత గుర్తుకు రాక మానదు. ఇందుకు కారణం కొనేవారి కంటె అమ్మేవారిలో వెతకడం సబబు.

అమ్మేవారు ముగ్గురే

1956లో ఐ.బి.ఎం. కంపెనీ తొలి హార్డ్ డిస్కును మార్కెట్టులోకి తెచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు 50 పేర్చిన ఆ యంత్రంలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఆ తరువాత ఈ రంగంలో అడుగుపెట్టిన కంపెనీలు 200కు పైమాటే. పోటీ అతి తీవ్రంగా సాగింది. లాభం మిగలని కంపెనీలు ఒకదాని వెంట ఒకటి పెద్దవాటిలో కలిసిపోయినవి. 1996లో కానర్ పెరిఫెరల్స్ సీగేట్‌లో కలిసింది. 2001లో క్వాంటమ్ వారి డిస్కుల విభాగం మాక్స్‌టర్ చేతికి పోయింది. 2006లో ఆ మాక్స్‌టర్‌నే సీగేట్ కొన్నది. పరిశ్రమకు పునాది వేసిన ఐ.బి.ఎం. సైతం 2002లో ఒప్పందం కుదుర్చుకుని తన విభాగాన్ని హిటాచీకి అప్పగించి తప్పుకున్నది. 2009లో ఫుజిట్సు విభాగం తోషిబా పరమైంది.

2011 ఆరంభం నాటికి రంగంలో చెప్పుకోదగిన కంపెనీలు అయిదు మిగిలినవి. ఆ ఏడాది మార్చిలో హిటాచీ విభాగాన్ని సుమారు 430 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు వెస్టర్న్ డిజిటల్ ప్రకటించింది. ఏప్రిల్‌లో శాంసంగ్ విభాగాన్ని సుమారు 138 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు సీగేట్ ప్రకటించింది. యూరోపియన్ కమిషన్ అనుమతి కోసం సీగేట్ దరఖాస్తు ఒక్క రోజు ముందుగా చేరింది. ముందు వచ్చినవారికి ముందు అన్న నియమం ప్రకారం సీగేట్‌కు ఏ షరతూ లేకుండా అనుమతి లభించింది. మరునాడు చేరిన వెస్టర్న్ డిజిటల్‌కు మాత్రం 3.5 అంగుళాల డిస్కులు తయారుచేసే యంత్రసామగ్రిలో కొంత భాగాన్ని ఇతరులకు అమ్మివేయాలన్న షరతు పడింది. ఆ సామగ్రి 2012లో తోషిబాకు చేరింది. 3.5 అంగుళాల సరుకులో మూడవ అమ్మకందారు మిగలడానికి అధికారుల షరతే తోడ్పడినదన్నది గమనార్హం.

నాటి నుంచి నేటి దాకా సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా, ఈ మూడే. కొత్తగా నాలుగవ కంపెనీ రాలేదు, వచ్చే సూచనలూ లేవు. ఈ సరుకు తయారీకి కావలసిన పేటెంట్లు, ఫ్యాక్టరీలు, పెట్టుబడి సమకూర్చుకుని, ఏటేటా కుంచించుకుపోయే రంగంలోకి దిగే సాహసం ఎవరు చేస్తారు?

గుంటూరు యార్డుకు వచ్చే మిరపతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ సరుకు తెచ్చే రైతులు వేల సంఖ్యలో వుంటారు. ఒకరు అమ్మకం ఆపినా మరొకరు అమ్ముతారు. ధర బాగుంటే మరుసటి ఏడు సాగు పెరుగుతుంది, ధర దానంతట అదే దిగివస్తుంది. హార్డ్ డిస్కుకు ఆ సూత్రం వర్తించదు. ధర పెరిగినంత మాత్రాన కొత్తగా పంట వేసే రైతు ఇక్కడ లేడు.

వరద చూపిన సత్యం

ఈ సంగతి 2011లోనే స్పష్టపడింది. ఆ ఏడాది అక్టోబరులో థాయ్‌లాండ్‌లో వచ్చిన వరదలకు వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలు నీట మునిగినవి. డిస్కు మోటార్లు తయారుచేసే నిడెక్ కంపెనీ ఫ్యాక్టరీలు కూడా దెబ్బతిన్నవి. అంతకుముందు మూడు నెలల్లో 5 కోట్ల 78 లక్షల డిస్కులు పంపిన వెస్టర్న్ డిజిటల్, తరువాతి మూడు నెలల్లో 2 కోట్ల 85 లక్షలే పంపగలిగింది. కొన్ని రకాల ధరలు కొద్ది వారాల్లోనే రెట్టింపు అయినవి. తిరిగి పాత మట్టానికి దిగడానికి సుమారు రెండేళ్ళు పట్టింది.

ఆ గడ్డుకాలంలో కంపెనీల లాభాలు ఏమైనవో చూడడం అవసరం. సీగేట్ నికర లాభం 2011 ఆర్థిక సంవత్సరంలో సుమారు 51 కోట్ల డాలర్లు. 2012 ఆర్థిక సంవత్సరంలో అది 286 కోట్ల డాలర్లకు చేరింది. అయిదు రెట్లకు మించిన పెరుగుదల ఇది. అదే సమయంలో, కరవులో అధిక మాసం అన్నట్లు, గ్యారంటీ గడువులు తగ్గినవి. వెస్టర్న్ డిజిటల్ తన సాధారణ రకాలలో కొన్నిటికి మూడేళ్ళ గడువును రెండేళ్ళకు కుదించింది. సీగేట్ కొన్ని రకాలకు ఏడాది గడువుతోనే సరిపెట్టింది. సరుకు కొద్దిగా వున్నపుడు ధరతో పాటు షరతులు కూడా అమ్మేవారి చేతిలోకే పోతాయన్నది దీనివల్ల తేలిన సత్యం.

కంపెనీలకు మరొక వైపు నుంచి కూడా పాఠం అందింది. గిరాకి సన్నగిల్లిన కాలంలో, 2023 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సీగేట్ సుమారు 53 కోట్ల డాలర్ల నష్టం చవిచూసింది. సరుకు పేరుకుపోతే ఏమవుతుందో ఆ ఏడాది తెలిసివచ్చింది. అందువల్ల ముందుగా ఆర్డరు తీసుకుని దాని మేరకే తయారుచేసే పద్ధతికి మొగ్గు పెరిగింది. కొత్త ఫ్యాక్టరీలు కట్టడం కంటె ఒక్కొక్క పళ్ళెంలో మరింత సమాచారం పట్టించడమే లాభసాటి అన్నది వారి ఆలోచన. 2024 జనవరిలో సీగేట్ ప్రకటించిన 30 టెరాబైట్ల డిస్కు ఆ కోవలోనిదే.

కంపెనీలు కలిసిపోకపోతే అన్నీ మునిగేవన్న వాదన ఒకటి వున్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. పరిశోధనకు పెట్టుబడి కావాలి, పెట్టుబడికి లాభం కావాలి. కాని ఆ లాభం కొనుగోలుదారు జేబులోంచే వస్తుందని మరువరాదు.

కొనేవారు కూడా మారినారు

పూర్వం హార్డ్ డిస్కు కొన్నవాడు కంప్యూటరు కొన్నవాడే. ఇప్పుడు పెద్ద కొనుగోలుదారులు డేటా సెంటర్లు. డిస్కుల సంఖ్య తగ్గినా, వాటిలో పట్టే సమాచారం మొత్తం మాత్రం పలు రెట్లు పెరిగింది. కృత్రిమ మేధ కోసం జరుగుతున్న నిర్మాణాలు ఈ గిరాకిని ఇంకా పెంచినవి. 2025 సెప్టెంబరులో వెస్టర్న్ డిజిటల్ తన హార్డ్ డిస్కుల ధరలు పెంచుతున్నట్లు ఖాతాదారులకు తెలియజేసింది. ఎస్.ఎస్.డి. వైపు మళ్ళుదామంటే, 2025 చివరలో ఫ్లాష్ ధరలు సైతం గట్టిపడినవి.

చిన్న డిస్కుల సంగతి వేరు. డిస్కు ఎంత చిన్నదైనా దానికి ఒక మోటారు, ఒక పెట్టె, ఒక పళ్ళెం, ఒక హెడ్ తప్పవు. ఆ ఖర్చుకు దిగువన ధర దిగే వీలు లేదు. ఆ మట్టం వద్ద ఎస్.ఎస్.డి. మెరుగైన సరుకుగా కనిపించింది కనుక కొనేవారు అటు పోయినారు. మిగిలినవారి కోసం ధర తగ్గించి పోటీ పడవలసిన అవసరం ముగ్గురిలో ఎవరికీ కనిపించడం లేదు.

తెలుగు ప్రాంతాల వర్తకులకు ఇందులో ప్రత్యేకంగా గమనించవలసినది వున్నది. హైదరాబాద్‌లో డేటా సెంటర్లు వెలిసినవి. విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో భారీ కేంద్రం నెలకొల్పుతున్నట్లు గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. దీనితో స్థానికంగా డిస్కుల వ్యాపారం పుంజుకుంటుందని ఆశపడడం పొరపాటు. ఇంతటి కొనుగోలుదారులు తయారీదారులతో నేరుగా బేరం కుదుర్చుకుంటారు. ఆ సరుకు సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కదు. పైగా అక్కడికి రావలసిన సరుకుకే అది పోటీ అవుతుంది. పెద్ద ఆర్డర్లు నిండిన తరువాత మిగిలినదే చిల్లర మార్కెట్టుకు దక్కుతుంది. మన దేశానికి ఇది దిగుమతి సరుకు కనుక డాలరు మారకపు రేటు భారం కూడా దానికి తోడవుతుంది.

నిల్వ చేయడమూ ప్రమాదమే

ధర దిగదని తెలిసింది కదా అని గోదాములు నింపుకోవడం కూడా తెలివైన పని కాదు. 2021 వసంతంలో చియా అనే డిజిటల్ నాణెం కోసం పెద్ద డిస్కులకు ఒక్కసారిగా గిరాకి పుట్టింది, ధరలు ఎగిసినవి. కొద్ది నెలల్లోనే ఆ వేడి చల్లారింది. నాడు వాడి వదిలిన డిస్కుల కథ అంతటితో ముగియలేదు. 2025 ఆరంభంలో, వాడిన డిస్కుల గంటల లెక్కను చెరిపివేసి కొత్తవిగా అమ్మిన ఉదంతాలు జర్మనీలో బయటపడినవి. వాటిలో చాలావరకు చియా కాలపు సరుకేనన్న అనుమానాలు వెలువడినవి. కొత్త సరుకు ప్రియమైనచోట పాత సరుకు కొత్త ముసుగు వేసుకుని రావడం ఏ వర్తకంలోనైనా వున్నదే.

ఈ పరిస్థితులలో వర్తకులు పాత నమ్మకాన్ని వదులుకోవడం అవసరం. ధర పడుతుందని ఖాతాదారుకు ముందుగా మాట ఇచ్చి ఆర్డరు తీసుకోవడం నష్టదాయకం కాగలదు. సరుకు చేతికి వచ్చిన తరువాతనే ధర చెప్పడం, కొటేషన్‌కు గడువు పెట్టడం శ్రేయస్కరం. గుర్తింపు పొందిన పంపిణీదారు బిల్లు లేని సరుకు ఎంత చౌకగా వచ్చినా, క్రమసంఖ్యపై గ్యారంటీ సరిచూడకుండా ముట్టరాదు. గ్యారంటీ లేని డిస్కు చెడిపోయినపుడు ఖాతాదారు వచ్చి నిలదీసేది దుకాణదారునే తప్ప తయారీదారును కాదు.

డేటా సెంటర్ల కొనుగోళ్ళు మందగించేదాకా పెద్ద డిస్కుల ధరలు గట్టిగానే వుండగలవు. చిన్న డిస్కులలో లావాదేవీలు స్వల్పంగా, ధరలు నిలకడగా సాగగలవు. పరిశ్రమ కుంచించుకుపోతున్నది నిజమే. అయితే కుంచించుకుపోయినది అమ్మకందారుల సంఖ్య కూడా. కొనేవారు తగ్గినపుడు ధర పడాలంటే అమ్మేవారి మధ్య పోటీ వుండాలి. ముగ్గురే మిగిలినచోట ఆ పోటీ కోసం ఎదురుచూస్తూ బేరం వాయిదా వేసుకునేవారు, ఎదురుచూసిన కాలానికి కూడా వెల చెల్లించుకోవలసి వుంటుంది.